ఉదయగిరి: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, రెండుసార్లు కోట ఎక్కడం ఎప్పటిలాగే జరిగాయి. ఆ వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈసారి గర్వంగా చెప్పుకోవలసింది తుపాకీ మందు మీద పెట్టిన సభ.

కోట ఫిరంగుల మాట వస్తే చాలు, గట్టిగా మోగేదే మంచి మందని మనలో వాదన. ఆయుధ కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన నెల్లూరు నుంచి వచ్చి దాన్ని తేల్చేశారు. మందు చిటికెడు కూడా తేలేదు. మూడు గాజు గ్లాసుల్లో మిరియాలు, ఆవాలు, బొంబాయి రవ్వ పోశారు. మిరియాలంత పలుకు ఫిరంగికి, ఆవగింజంతది పొడుగు తుపాకీకి, రవ్వలాంటిది పిస్తోలుకు. డబ్బా మీద 'ఎఫ్' అక్షరాలు పెరిగేకొద్దీ పలుకు సన్నమవుతుంది. సన్నమందు గబుక్కున కాలి ఒత్తిడి పెంచుతుంది, ఫిరంగిలో పోస్తే గొట్టమే పగలొచ్చు.

తర్వాత జాడీలోంచి చెమ్మగిల్లిన కల్లుప్పు తీసి అరచేతిలో పెట్టుకుని చూపించారు. మందులో ముఖ్య దినుసైన సూరేకారాన్ని సరిగా శుద్ధి చేయక అందులో ఉప్పు మిగిలితే మందు కూడా ఇలాగే చెమ్మ లాగుతుందట. అలాంటి మందు ఒకసారి బాగా పేలుతుంది, ఇంకోసారి తుస్సుమంటుంది. ఒకే కొలతకు ప్రతిసారీ ఒకే వేగం ఇచ్చేదే నాణ్యమైన మందు. గుండు వేగాన్ని లోలకంతో కొలిచే పద్ధతిని 1742లో ప్రచురించిన బెంజమిన్ రాబిన్స్, ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి వచ్చి 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడని ఆయన చెప్పగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఎంత మంచి మందైనా కాలాక సగానికి పైగా మసి, లవణాలుగా మిగులుతుంది. నీళ్లతో కడగకపోతే గొట్టం తుప్పు పడుతుంది.

హాలు ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, మైకు, టీ చూసుకున్న తమ్ముళ్లకు, గ్లాసులు తెచ్చిన అక్కకు కృతజ్ఞతలు. వాలంటీర్లుగా ఇరవై మంది పేర్లిచ్చారు, కుర్చీలు వేసింది నలుగురం. ఇది బాధతోనే రాస్తున్నాను. కోట దగ్గర సమాచార బోర్డు కోసం మూడు అర్జీలిచ్చాం, జవాబు లేదు. నాలుగోది ఇస్తాం.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ కోశాధికారి దగ్గర ఉంది.

మీ అటకల మీద పాత మందుకొమ్ములు (తుపాకీ మందు పోసుకునే కొమ్ములు), తూటా అచ్చులు ఉంటే ఫోటో పంపండి. పాత మందు కనిపిస్తే మాత్రం కదపకుండా పోలీసులకు చెప్పండి.

కార్యదర్శి