మంత్రిగారూ, ప్లాంటుకి ఎక్కించే ముందు ఆ వేడిని కొలిపించండి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. జీడిమెట్లలో పదకొండేళ్లుగా ప్రాసెస్ డెవలప్‌మెంట్ కెమిస్టుగా చేస్తున్నాను. గాజు ఫ్లాస్కులో వచ్చిన రియాక్షన్‌ని ప్లాంటు రియాక్టర్‌లో నడిచేలా తయారుచేసి ఇవ్వడం మా పని.

అరలీటరు ఫ్లాస్కులో నైట్రేషన్ (నైట్రిక్ యాసిడ్‌తో చేసే, బాగా వేడి పుట్టే రియాక్షన్) చేస్తూ, యాసిడ్ చుక్కచుక్కగా వదులుతుంటే ఒకసారి థర్మామీటర్ 4 నుంచి 11 డిగ్రీలకి ఎక్కింది. ఫన్నెల్ కట్టేసి బాత్‌లో రెండు గుప్పెళ్ల ఐసు, ఉప్పు వేస్తే దిగింది. అదే 3,000 లీటర్లలో అయితే సరుకు 6,000 రెట్లు, కానీ పాత్ర ఆకారం అదే అనుకుంటే వేడి బయటికి పోయే గోడ పెరిగేది సుమారు 330 రెట్లే. అక్కడ గుప్పెడు ఐసుతో పనవదు, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో తిరిగే బ్రైనే (చల్లటి ఉప్పునీరే) దిక్కు, కరెంటు పోతే అదీ ఆగుతుంది. వేడి పెరిగేకొద్దీ రియాక్షన్ ఇంకా జోరందుకుంటుంది.

ఇదంతా ముందే తెలుసుకోవచ్చు. ఎంత వేడి వస్తుందో రియాక్షన్ కెలోరీమీటర్ చెబుతుంది, ఏ టెంపరేచర్ దగ్గర సరుకు విచ్ఛిన్నమవడం మొదలవుతుందో డీఎస్‌సీ (కొద్దిపాటి శాంపిల్‌ని వేడిచేసి చూసే డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్) చెబుతుంది. చిన్న యూనిట్లు వీటిని కొనలేవు, బయటికి పంపితే రిపోర్టు వచ్చేదాకా ఆగాలి, ఈలోగా డిస్పాచ్ టెన్షన్.

నేను మొదట చేరిన చోట "ఫ్లాస్కులో బాగానే వచ్చింది కదమ్మా" అని బ్యాచ్ ఎక్కించేశారు. టెంపరేచర్ 8 డిగ్రీలు దాటకూడనిది 31కి పోయింది. వాల్వు దగ్గరున్న ఒడిశా కుర్రాడు ఏం చేయాలో తెలియక నా మొహం చూస్తూ నిలబడ్డాడు, వాడి చేతిలోని బ్యాచ్ రికార్డు మొత్తం ఇంగ్లీషులో ఉంది. అదృష్టం, అక్కడితో ఆగింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు, 2025 జూన్ 30న పాశమైలారంలో అలాంటి పేలుడులోనే 40 మందికి పైగా. కారణాలు వేరు కావచ్చు. కానీ తనిఖీకి వచ్చినవాళ్లు ఫైర్ సిలిండర్లు చూశారు గానీ, ఈ రియాక్షన్‌కి వేడి కొలిచారా, కాగితం చూపించండి అని అడగడం ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు.

అందుకే అడుగుతున్నాను, ఆ కాగితం లేకుండా కొత్త ప్రాసెస్ ఏదీ ప్లాంటులోకి వెళ్లకూడదని రూల్ పెట్టండి. తార్నాకలోని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్లతో మాట్లాడి, చిన్న యూనిట్లు భరించగలిగే ఫీజుతో ఒక ఉమ్మడి టెస్టింగ్ ల్యాబ్ పెట్టించండి. "టెంపరేచర్ పెరిగితే ఏం చేయాలి" అన్న ఆ ఒక్క పేజీ అయినా తెలుగు, హిందీ, ఒడియాల్లో రియాక్టర్ పక్కన అతికించమనండి.

మీ ఇన్‌స్పెక్టర్లకి రిపోర్టులో ఏం చూడాలో నేర్పించాలంటే ఏ ఆదివారం పిలిచినా వస్తాను సార్.

ఇట్లు,
జీడిమెట్ల నుంచి ఒక కెమిస్టు