గిన్నె సంగతి దాచకు

బిడ్డా,

ఇక్కడ అందరం బాగున్నాం. బాపు మోకాలికి మందు మార్చారు. పసుపు తవ్వడం ఇంకా అయిపోలేదు, కూలీలు దొరకట్లేదు. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. పనిలో ఉన్నావేమోలే, నాకేం టెన్షన్ లేదు.

నిన్న లచ్చక్క వచ్చింది. ఇజ్రాయెల్‌లో నువ్వు చూసుకునే తాతగారి గాజు గిన్నె పగలగొట్టావట, మర్నాడే ఆయన బాత్రూంలో జారిపడ్డాడట, వాళ్లబ్బాయి వచ్చి యూదులు గుమ్మాలకు బిగించుకునే చిన్న పెట్టెలు, ఆ మెజూజాలన్నీ ఊడదీసి పట్టుకెళ్లాడట. నీ చేతి దోషమే అనుకుంటున్నారని ఏడ్చావట. ఆ మాట నాకు చెప్పకుండా లచ్చక్క కూతురికి చెప్పుకుంటావా?

మెజూజాలో ఉండేది తోలు మీద చేత్తో రాసిన వాక్యాల చుట్ట. ఒక్క అక్షరం చిట్లినా అది చెల్లదు. ఏడేళ్లలో రెండుసార్లు చూపించాలని వాళ్ల నియమం. ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే చాలామంది ముందు దాన్నే రాసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. మనం జాతకం చూపించుకోమా, అలాగే. నిన్ను అనుమానించి కాదు.

నేనూ అక్కడే రమత్ గన్ ఊళ్లో, నీలాగే ఒక ముసలామెను చూసుకునే పనిలో ఉన్నప్పటి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం, దీపాల వేళ దగ్గరపడుతోంది. సఫ్తా, అంటే వాళ్ల మాటలో అవ్వ, మొరాకోలోని కాసాబ్లాంకా నుంచి తెచ్చుకున్న నీలిపూల గిన్నె, చేపల కూర వడ్డించేది, సబ్బు చేతుల్లోంచి జారి సింక్‌లో మూడు ముక్కలైంది. శుక్రవారం పూట, దీపం పెట్టే వేళ! మన ఇంట్లో అయితే నానమ్మ ఏమనేదో నీకు తెలుసు. నా కాళ్లు వణికాయి. ముక్కలు కొంగులో దాచబోయాను, కొంగెక్కడిది, టీషర్టు. సఫ్తా వాకర్ తోసుకుంటూ వచ్చి చూసింది. "కపారా, కపారా" అంటూ తడిచేత్తో నా చెంప తుడిచింది. మనకు రావాల్సిన కీడు ఆ గిన్నె మీదుగా పోయిందని దాని అర్థం. మనం దిష్టి పోయిందంటాం కదా. తర్వాత ఇంట్లో గ్లాసు పగిలినప్పుడల్లా మనవళ్లు "మజల్ తోవ్!", అంటే శుభం అని అరిచేవాళ్లు. మొదటిసారి ఆ అరుపుకి భయపడిపోయాను.

అందుకే చెబుతున్నా, పగిలిందని నువ్వే నోటితో చెప్పు. దాచడం వల్లే మాట పుడుతుంది. అక్కడ మనవళ్లను వేలితో లెక్కపెట్టకు. ఎవరి పిల్లల్నైనా పొగిడితే "బ్లీ ఐన్ హరా", అంటే దిష్టి తగలకూడదు అని అను. పాల చెంచా మాంసం గిన్నెలో పెట్టకు, వాళ్లు ఆ రెండూ కలపరు, నేనొకసారి పెట్టి వాళ్ల కుండ మళ్లీ శుద్ధి చేసేదాకా తెచ్చాను. చెబుతూ పోతే చాలా ఉన్నాయి, నువ్వు చదవవు.

కాలికి గాజు గుచ్చుకుందని కూడా అంది లచ్చక్క. ఏ కాలికి? ఇంజెక్షన్ చేయించుకున్నావా? చెప్పులు లేకుండా వంటింట్లోకి వెళ్లకు. శనివారం చీకటిపడి షబ్బాత్, వాళ్ల విశ్రాంతి రోజు, అయిపోగానే ఫోన్ చెయ్. మనకప్పటికి తొమ్మిదిన్నర దాటుతుంది, మేలుకునే ఉంటాను.

మీ అమ్మ