ఆటతోపాటు ఎత్తులూ ప్రచురించండి

సంపాదకులకు నమస్కారం.

చదరంగంలో తక్కువ రేటింగు గల ఆటగాడు నల్లపావులతో గెలిస్తే మన పత్రికలు ‘సంచలన విజయం’ అని శీర్షిక పెడుతున్నాయే తప్ప, ఆ గెలుపు ఏ ఎత్తుతో సాధ్యమైందో చెప్పడం లేదు. 1956 అక్టోబరు 17న న్యూయార్కు టోర్నీలో పదమూడేళ్ల బాబీ ఫిషర్, అప్పటికే అమెరికా మేటి ఆటగాళ్లలో ఒకరైన డొనాల్డ్ బర్న్‌ను నల్లపావులతో ఓడించిన ఆటను నేటికీ ఎవరైనా బల్లపై ఆడి చూసుకోగలుగుతున్నారంటే, దాని ఎత్తులన్నీ అచ్చులో ఉండటమే కారణం. 17వ ఎత్తులో క్వీన్‌ను వదులుకోవడానికి సిద్ధపడి బిషప్‌ను ఈ6 గడిలో నిలిపిన ఫిషర్ (ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరించే ఎత్తు అది!), బదులుగా ఒక రూక్‌ను, రెండు బిషప్‌లను, ఒక బంటును రాబట్టుకొని, 41వ ఎత్తులో ఆట కట్టించాడు. చదరంగం నేర్చుకుంటున్న మన పిల్లల కోసం, ఇలాంటి ఆటల ఎత్తులను, కీలక ఘట్టంలోని బల్ల బొమ్మతో సహా, క్రీడా పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చదరంగ అభిమాని