చరిత్ర పాఠానికి మార్కులు దేనికి వేస్తున్నాం?

సంపాదకులకు,

ఉన్నత పాఠశాలల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్‌ఏ, అంటే ఏడాది మధ్యలో బడిలోనే జరిపే మదింపు) జరిగిన ప్రతిసారీ సాంఘికశాస్త్రంలో చాలామంది పిల్లలకు ఇరవైకి పద్దెనిమిదో పందొమ్మిదో మార్కులు పడుతుంటాయి. ఆ అంకెలు చూసి చరిత్ర పాఠాలు పిల్లలకు వంటబట్టాయని నమ్మే ఉపాధ్యాయుణ్ణి నేనింతవరకు చూడలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. సాంఘికశాస్త్రానికి నిర్దేశించుకున్న ఆరు విద్యా ప్రమాణాల్లో విషయావగాహనతో పాటు చదివి వ్యాఖ్యానించడం, సమాచారం సేకరించడం, ప్రశ్నించడం కూడా ఉన్నాయి. మార్కులు వేసేటప్పుడు మాత్రం ఇవేవీ లెక్కలోకి రావడం లేదు.

ప్రాజెక్టు పనినే చూడండి. కాకతీయులపై ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించిన వేయిస్తంభాల గుడి బొమ్మ, గైడులోంచి దించిన ఒకటిన్నర పేజీ, చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసిన అంచు. ఒకరు తప్పుగా రాసిన సంవత్సరం అదే తప్పుతో వరసగా ఏడెనిమిది పుస్తకాల్లో కనిపిస్తుంది. లఘు పరీక్షకు క్వశ్చన్ బ్యాంకు ఉండనే ఉంది.

మా ప్రాంతపు ఉదాహరణే చెబుతాను. నకిరేకల్ సమీపంలోని చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించాక, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతడు గుడికి భూమి దానం చేసి వేయించిన శాసనమది. రుద్రమ 1295 ప్రాంతం వరకు పాలించిందన్న పాత లెక్క దీనివల్లే మారింది. ఆమె ఎప్పుడు మరణించిందని అడిగితే సంవత్సరం గుర్తున్నవారు రాసేస్తారు. శాసన సారాంశాన్ని నాలుగు వాక్యాల్లో ఇచ్చి, తిరుగుబాటు చేసిన సామంతుడు అంబదేవుడితో జరిగిన యుద్ధంలో ఆమె మరణించిందనడానికి ఇందులో ఆధారముందా అని అడిగితే, గైడు చూసి రాయడానికి వీలుండదు. శాసనం వారు శివలోకానికి వెళ్లారని మాత్రమే చెబుతుంది. రాణి, సేనాని పేర్లు ఒకేచోట ఉన్నందున యుద్ధమని ఊహించవచ్చని ఒకరు రాయవచ్చు, అది ఊహే తప్ప రుజువు కాదని మరొకరు రాయవచ్చు. తన మాటకు శాసనంలోంచి ఆధారం చూపిన ఇద్దరికీ పూర్తి మార్కులు రావాలి. (తేదీలు అక్కర్లేదన్నది నా వాదన కాదు. కాలక్రమం తెలియని విద్యార్థి ఆధారాన్నీ సరిగా చదవలేడు.)

తరగతికి యాభైమంది, ముగియని సిలబస్, ఆన్‌లైన్ నమోదుల మధ్య ఇలాంటి జవాబులు దిద్దడం కష్టమని ఉపాధ్యాయులు అనడంలో నిజముంది. అందుకే ఏడాదిలోని నాలుగు ఎఫ్‌ఏలలో కనీసం రెండింటిలో, ప్రాజెక్టుకిచ్చే ఐదు మార్కులను తరగతి గదిలోనే ఒక ఆధారాన్ని చదివి రాసే పనికి మార్చమని కోరుతున్నాను. కొత్త పని నెత్తిన పెట్టకుండా పాతదాని స్థానంలోనే ఇది ఇమిడిపోతుంది. ఏ జవాబుకు ఎన్ని మార్కులన్న తేడాలను చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తేల్చుకోవచ్చు. పది జవాబు పత్రాలను ఇద్దరేసి ఉపాధ్యాయులు విడివిడిగా దిద్ది, మార్కులు ఎక్కడ, ఎందుకు తేడా వచ్చాయో మాట్లాడుకుంటే చాలు. శాసనాలు, జాగీరు పత్రాలు, 1969 నాటి తెలంగాణ ఉద్యమ పత్రికా వార్తల వంటివాటిని జిల్లాలవారీగా ఎంచి, జూన్‌లో బడులు తెరిచేనాటికి రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) పాఠశాలలకు పంపితే మొదటి ఎఫ్‌ఏ నుంచే దీన్ని అమలు చేయవచ్చు.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్గొండ జిల్లా