ప్రధాని ఓడిపోయే సీను తీసెయ్యమంటున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను చిత్తూరు పక్కన ఒక పల్లె హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా తొమ్మిదో తరగతి పిలకాయలకు జరిగిన ఒక విషయం మీ పేపర్లో వస్తే బాగుంటుందని రాస్తా ఉన్నాను. కొంచెం పెద్దదైపోయింది, కత్తిరించాల్సి వస్తే నా మాటలు కత్తిరించండి, పిలకాయల మాటలు మాత్రం ఉంచండి.

నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవానికి మాక్ పార్లమెంట్, అంటే పిలకాయలే ఎంపీలుగా ఆడే ఉత్తుత్తి పార్లమెంట్, పెడదామనుకున్నాం. మామూలుగా అయితే టీవీలో చూసిన లీడర్లను అనుకరించి అరుచుకోవడంతోనే అయిపోతుంది, అందుకే ఈసారి అసలు మ్యాపులో లేని దేశం ఒకటి మనమే చేద్దాం అన్నాను. ఆడపిల్లలు ముగ్గుపిండి తెచ్చి గ్రౌండులో ఐదు దీవులు గీసినారు, పెద్ద దీవి స్టేజీ పక్కన, అన్నిటికంటే చిన్నది చింతచెట్టు కింద కొళాయి దగ్గర. పేరు వెన్నెల దీవులు. క్లాసులో 27 మంది, ఒకరు రాష్ట్రపతి, ఒకరు స్పీకరు, మిగిలిన 25 మంది దీవికి ఐదుగురు చొప్పున సభ్యులు. ప్రధాని కావాలంటే 13 మంది వెనకాల ఉండాల.

మొదటి రోజే ఒక పిలగాడు లేచి "సార్, ప్రధానికి మనం ఓటెయ్యమా" అని అడిగినాడు. నిజంగా క్లాసులో సగం మందికి ఆ సంగతి తెలీదు, ఇళ్లల్లో పెద్దోళ్లకూ చాలామందికి తెలీదు, ప్రధాని పదవికి నేరుగా ఓటు ఉంటుందనే అనుకుంటారు. సభలో ఎక్కువ మంది ఎవరి వెనకాల ఉంటే వాళ్లను రాష్ట్రపతి పిలుస్తారని చెప్పినాను, మన పీవీ నరసింహారావు గారి ఉదాహరణ చెప్తే టక్కున అర్థమైంది, 1991 జూన్‌లో ప్రమాణం చేసేనాటికి ఆయన ఎంపీ కాదు, ఆరు నెలల్లోపల సభకు ఎన్నికవ్వాలి కాబట్టి నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచినారు.

మాది దీవుల దేశం కదా, నిజం దీవుల్లో ఎట్లా ఉందో చూద్దామని రోజుకొక దేశం తీసుకున్నాం. తువాలు అని పసిఫిక్‌లో ఒకటుంది, మొత్తం జనమే సుమారు 11 వేలు, 16 మంది ఎంపీలు, పార్టీలే లేవు, ఆ 16 మందే తమలో ఒకరిని ప్రధానిగా ఎన్నుకుంటారు. 2024 జనవరి ఎన్నికల్లో అప్పటి ప్రధాని సొంత సీట్లోనే ఓడిపోయినాడు. వనువాటులో 52 మంది ఎంపీలు, 2023లో సెప్టెంబర్, అక్టోబర్ రెండు నెలల్లోనే రెండుసార్లు ప్రధాని మారినారు, ఈ గోడ దూకుళ్లు భరించలేక 2024లో రిఫరెండం, అంటే నేరుగా జనం ఓటు, పెట్టి పార్టీ మారితే సీటు పోయేట్టు రాజ్యాంగం మార్చుకున్నారు. మారిషస్ గురించి చెప్పేటప్పుడైతే క్లాసంతా చెవులు రిక్కించినారు, కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో పనికి పోయిన మన తెలుగోళ్ల వంశాలు ఆడ ఉండాయి, ఉగాదికి సర్కారు సెలవు కూడా ఉంది. 2017లో అక్కడ ప్రధాని దిగిపోయి కొడుకు ఆ కుర్చీలో కూర్చున్నాడు, మధ్యలో ఎన్నిక లేదు. అది న్యాయమా కాదా అని పిలకాయలు గంట సేపు కొట్లాడుకున్నారు, సభలో మెజారిటీ ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, జనం ఏమంటారో తర్వాత తెలుస్తుంది అన్నాను, 2024 నవంబర్‌లో ఆ కొడుకు కూటమి చిత్తుగా ఓడిపోయి 62 సీట్లలో 60 ఎదురు కూటమికి పోయినాయి. శ్రీలంక సంగతి వేరే, ఆడ రాష్ట్రపతికి కూడా పవర్ ఎక్కువ. 2018 అక్టోబర్ 26న రాష్ట్రపతి ఉన్నట్టుండి ప్రధానిని తీసేసి ఇంకొకరిని పెట్టినాడు, పాత ప్రధాని నాకు సభలో మెజారిటీ ఉంది, బంగళా ఖాళీ చెయ్యను అన్నాడు, ఒక దేశానికి ఇద్దరు ప్రధానులు, చివరికి కోర్టులు అడ్డం పడి డిసెంబర్ 16న పాత ఆయనే మళ్లీ ప్రమాణం చేసినాడు.

ఇంక మా సభ. ప్రధానిగా చేసిన పిల్లకు రెండు పార్టీల వాళ్లు 11 మంది, చిన్న దీవి ఇండిపెండెంట్లు ముగ్గురు, మొత్తం 14. ఆ ముగ్గురు అడిగింది ఒకటే, తాగే నీళ్లు తెచ్చే లాంచి. చుట్టూ సముద్రం ఉన్నా తాగేదానికి నీళ్లుండవనే మాట మా ఊర్లో పిలకాయలకు విడమరచి చెప్పక్కర్లేదు, ట్యాంకర్ కోసం బిందెలు లైన్లో పెట్టి బడికి వచ్చేవాళ్లే వాళ్లంతా. ఈ పిల్ల లాంచి ఇస్తానని చెప్పి ఆ డబ్బు పెద్ద దీవిలో రోడ్డుకు ఇచ్చేసింది. మధ్యాహ్న భోజనం లైన్లో చేతిలో ప్లేటు పట్టుకోని ఆ ముగ్గురి చుట్టూ తిరుగుతా "వచ్చే బడ్జెట్లో ఖచ్చితంగా పెడతా, ఈసారికి ఉండండప్పా" అని బతిమలాడడం నేను కళ్లారా చూసినాను, అది నేను చెప్పి చేయించింది కాదు, స్క్రిప్టులో అసలు లేదు. ఒకడు మెత్తబడినాడు, ఇద్దరు ఒప్పుకోలేదు.

అవిశ్వాసం పెట్టాలంటే మన లోక్‌సభలో 50 మంది లేచి నిలబడాల, మా సభకు ముగ్గురు చాలని రూలు పెట్టుకున్నాం. చర్చ జరిగింది, ఓట్లు చింతగింజలతో రెండు డబ్బాల్లో వేయించినాను. 12, 13. ఒక్క గింజతో ప్రభుత్వం పోయింది. 1999 ఏప్రిల్‌లో వాజపేయి గారి ప్రభుత్వం 269, 270తో పోయిందని క్లాసులో చెప్పినప్పుడు నిద్రపోయిన పిలగాడు కూడా ఆ గింజలు మూడుసార్లు లెక్కపెట్టినాడు.

ఓడిపోయిన పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నా దగ్గరికొచ్చి "సార్, కొత్తవాళ్లు వచ్చేదాకా సంతకం ఎవురు పెడతారు" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తా ఉన్నాను, ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. నువ్వే పెట్టాలమ్మా, ఆపద్ధర్మ ప్రధాని అంటారు, వాజపేయి గారు ఓడిపోయి అట్లా కొనసాగతా ఉన్నప్పుడే కార్గిల్ యుద్ధం జరిగింది అని చెప్పినాను. సరే అని పోయి మళ్లీ అదే కుర్చీలో కూర్చుని చిన్న దీవికి లాంచి ఫైలు మీద సంతకం పెట్టబోయింది, పెద్ద ఖర్చులు ఇప్పుడు నువ్వు పెట్టకూడదు, వచ్చేవాళ్లు చూసుకుంటారని ప్రతిపక్షం వాళ్లు లేచినారు. అప్పటికి బెల్ కొట్టి పది నిమిషాలైంది, ఒక్కరూ ఇంటికి పోలేదు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. పై లెవెల్ పోటీకి పంపేముందు రిహార్సల్ చూడటానికి ఒక పెద్దాయన వచ్చినారు, ఎవరనేది అనవసరం, మనిషి మంచివారే. అంతా బాగుందని మెచ్చుకోని చివర్లో, ఆ ప్రధాని ఓడిపోయే సీను తీసెయ్యండి, పదవికి మర్యాద ఉండాల, ఏదైనా అభివృద్ధి బిల్లు పాస్ చేసి జనగణమనతో ముగించండి అన్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. ఆయన పోయినాక చిన్న దీవి పిలగాడు "అట్లయితే మేము ముగ్గురం ఏం చెయ్యాల సార్, ఊరికే చప్పట్లు కొట్టాల్నా" అన్నాడు.

నేను వాడికి ఏం చెప్పాలో మీరే చెప్పండి. లాంచి అడిగిన ముగ్గురి దగ్గరికి ప్రధాని ప్లేటు పట్టుకోని వచ్చిందంటే ఆ 13 అనే అంకె భయం ఉండబట్టే కదా. ఆ భయం తీసేస్తే ఈ పిల్లకు భోజనం లైన్లో పని ఏముంది? ఓడిపోయి కూడా గొడవ చెయ్యకుండా సంతకం ఎవరిదని అడిగిన పిల్ల దగ్గర లేని మర్యాద ఆ బిల్లులో యాడుంది?

పోటీలు పెట్టేవాళ్లకు మీ పేపరు ద్వారా ఒకటే విన్నపం, పిలకాయల సభల్లో ప్రభుత్వాన్ని ఓడిపోనివ్వండి. మీరు కూడా స్టూడెంట్ పేజీలో అవిశ్వాసం ఎట్లా పెడతారు, ఆపద్ధర్మ ప్రభుత్వం ఏం చెయ్యొచ్చు ఏం చెయ్యకూడదు అని ఒక వారం వేస్తే మా బోటివాళ్లకు చాలా ఉపయోగం.

పోటీ సంగతి ఎట్లున్నా 26న మా గ్రౌండులో మాత్రం మొత్తం ఆట ఆడిస్తాం, హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. వానకు చెరిగిపోయిన దీవుల కోసం ముగ్గుపిండి రెండు పాకెట్లు కొనిపెట్టినాను. మీ రిపోర్టరు ఎవరైనా వస్తే సంతోషం, కొత్త ప్రధాని ఎవరవుతారో ఇంకా నాకు కూడా తెలీదు, చిన్న దీవి ముగ్గురూ ఎవరికీ మాట ఇవ్వలేదంట.

ఇట్లు,
ఒక సోషల్ మాస్టారు,
చిత్తూరు