ఆడినవాళ్లను బిల్లుల సెక్షన్‌కే పరిమితం చేస్తారా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది పెరంబూరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతూ స్కూలు బాస్కెట్‌బాల్ టీంలో ఆడుతుంది. పోయినేడు చీలమండ బెణికి వాచి ఉంటే, ఆట నేర్పే మాస్టారు ‘పరుగెత్తితే అదే పోతుంది’ అని గ్రౌండు చుట్టూ తిప్పారు. మూడు వారాలు మంచం మీద ఉంది. పూర్తిగా ఆయన్నే అనలేను. ఆయన ఆడింది వాలీబాల్, స్కూలు వాళ్లు అప్పగించింది అన్ని ఆటలూ.

మా వీధిలో ఒకాయన ఉన్నారు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని, చాలా ఏళ్లు డిపార్ట్‌మెంట్ టీంకి ఆడారు. మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆగిపోయింది, ఇప్పుడు బిల్లుల సెక్షన్‌లో కూర్చుంటారు. ఒక ఆదివారం మా అమ్మాయి షాట్లు వేస్తుంటే చూసి, "బంతి సంగతి తర్వాత పాపా, ముందు కిందికి ఎలా దిగుతున్నావో చూసుకో" అన్నారు. రెండు పాదాల మీదా ఒకేసారి, మోకాళ్లు వంచి దిగడం. గంటసేపు అదే చేయించారు, ఒక్క షాట్ కూడా వేయనివ్వలేదు. అమ్మాయి ఇంటికొచ్చి నా మీద విసుక్కుంది. ఆ తర్వాత మాత్రం కాలు బెణకలేదు.

చెన్నైలో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉండాలి! దక్షిణ రైల్వే, ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ), ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ బాస్కెట్‌బాల్ టీంల పేర్లు ఇక్కడ ఈ ఆట చూసే అందరికీ తెలుసు. దక్షిణ రైల్వేకి ఆడి, దేశం టీంకి కెప్టెన్ అయిన అనిత పాల్‌దురై గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ స్థాయికి చేరనివాళ్లు ఆట అయిపోయాక ఆఫీసు గుంపులో కలిసిపోతారు.

బాగా ఆడినవాళ్లందరూ బాగా నేర్పుతారని నేనేమీ అనడం లేదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో గొప్ప ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ అంతటివాడు 1994లో తను ఆడిన లేకర్స్ జట్టుకే కోచ్‌గా దిగి, 16 మ్యాచ్‌ల్లో 11 ఓడి తప్పుకున్నాడు. అంతెందుకు, 1891లో ఈ ఆట కనిపెట్టిన నైస్మిత్ మాస్టారే కాన్సాస్ యూనివర్సిటీ కోచ్‌గా గెలిచినవి 55, ఓడినవి 60!

స్టీవ్ కెర్‌ది వేరే కథ. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 15 సీజన్లు ఆడినా, ఎక్కువగా బెంచి మీద నుంచి లేచి వచ్చే ఆటగాడే. మ్యాచ్‌కి సగటున ఆరు పాయింట్లు. కానీ ఫిల్ జాక్సన్, గ్రెగ్ పొపోవిచ్ లాంటి కోచ్‌ల పక్కన కూర్చుని, ఎవరిని ఎప్పుడు దించుతున్నారో, ఎందుకు దించుతున్నారో ఏళ్ల తరబడి చూశాడు. ఆటగాడిగా ఐదు టైటిళ్లు గెలిచిన జట్లలో ఉన్నాడు. 2014లో అదే లీగ్‌లోని గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టుకి కోచ్ అయ్యాడు. మొదటి సీజన్‌లోనే టైటిల్, ఆ తర్వాత ఇంకో మూడు. మన డిపార్ట్‌మెంట్ టీంలలో ఎప్పుడూ బెంచి మీది ఆరో ఆటగాడిగా మిగిలిపోయినవాళ్లలో అలాంటి కన్ను ఉన్నవాళ్లు ఉండరా? మాకు మెడల్స్ లెక్కపెట్టడం తప్ప ఇంకేం తెలుసు?

నేర్పడం కూడా నేర్చుకోవాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా ఉంది, ఏడాది చదవాలి. ఇంటి అప్పు కడుతున్న నలభై ఏళ్ల ఉద్యోగి జీతం లేని సెలవు పెట్టి ఏడాదిపాటు పంజాబ్ వెళ్తాడా? ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. దానికైనా డిపార్ట్‌మెంట్లు జీతంతో పంపాలి. తిరిగొచ్చాక సాయంత్రం రెండు గంటలు ముందు వదిలితే చాలు. ఆ రెండు గంటలు కార్పొరేషన్ ఆటస్థలాల్లో, బడుల్లో పిల్లలకి నేర్పిస్తారు. కార్పొరేషన్ ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వాలి. ఉచితంగా చేయమంటే నాలుగు నెలలకి మానేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

మా వీధి ఆయనకి ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది. ఇప్పుడు ఆదివారాలు పద్నాలుగు మంది పిల్లలు వస్తున్నారు. గ్రౌండుకి ఏడింటికి గాని తాళం తీయరు, అప్పటికే ఎండ ఎక్కుతుంది. కార్పొరేషన్ వారు ఆరింటికి తీయిస్తే ప్రస్తుతానికి అదే పదివేలు. రింగుకి నెట్ మేం కొనుక్కుంటాం.

– ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై