ట్రంకు పెట్టెలో దొరికిన రిజిస్టరు: మీ అందరికీ నా కృతజ్ఞతలు

పోయిన నెలాఖరున ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యాను. 2022లో వయసు 62కి పెంచడంతో పిల్లల మధ్య ఇంకో రెండేళ్లు ఉండగలిగాను. వీడ్కోలుకు వచ్చి ఆశీర్వదించిన పెద్దలకు, తోటి టీచర్లకు, చేత్తో కార్డులు చేసిచ్చిన పిల్లలకు నమస్కారాలు. ముగ్గురికి మాత్రం విడిగా చెప్పుకోవాలి.

పింఛను కాగితాలు పంపే ముందు సర్వీసు రిజిస్టరు తిరగేస్తే 1999-2000 ఏడాదికి వెరిఫికేషన్ ఎంట్రీ, అంటే ఆ ఏడాది పని చేసినట్టు ధ్రువీకరించే నమోదు, లేదు. అప్పటి జీతాల బిల్లులు దొరకడం లేదన్నారు. ఆ ఏడాది పని చేశానని నేనే ఆధారం చూపాలి. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

ఆ ఏడాది నేను కర్నూలు జిల్లా కోసిగి వైపు ఒక చిన్న ఊళ్లో, ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నాను. ఐదు తరగతులకూ ఒకటే గది. సంక్రాంతి దాటితే గది సగం ఖాళీ. సుగ్గికని, అంటే పనుల కోసం వలసకని, అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతూ పిల్లల్నీ తీసుకెళ్లేవాళ్లు. బడిలో వంట మొదలైంది 2003లో. అంతకు ముందు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లం. ఆ బియ్యం కోసమైనా పిల్లను అవ్వ దగ్గర వదిలి వెళ్లండమ్మా అని ఇల్లిల్లూ తిరిగి బతిమాలేదాన్ని. కొందరు విన్నారు. చాలామందికి వినే వీలు లేదు, వాళ్లనేమీ అనలేను.

నా బాధ చూసి మా స్కూల్లోని తమ్ముడులాంటి టీచరు, ఆదివారం సెలవు కూడా మానుకుని, బండి మీద ఆ ఊరికి వెళ్లాడు. అక్కడ మధ్యాహ్న భోజనం వండే అమ్మాయి వంటగది మూల ఉన్న పాత ట్రంకు పెట్టె దించి, చెదలు దులిపి, ఒక్కొక్కటీ బయట పెట్టిందట. టీచర్ల హాజరు పట్టీ దొరికింది. దాని కిందే పిల్లలది కూడా. ఆమె ఫోన్ చేసి, "మేడం, ఈ రాత మీదే. 'ళ' తోక ఇట్ల తిప్పేది మీరే, నాకు గ్యాపకముంది" అంది.

ఫోటో పంపితే చూశాను. పిల్లల పట్టీలో పదకొండో పేరు ఆమెదే. జనవరి నుంచి మార్చి దాకా వరసగా 'ఆ', 'ఆ', 'ఆ', అంటే ఆబ్సెంట్. మూడో తరగతితో ఆగిపోయిన పిల్ల. ఆ మూడేళ్లలోనే నా అక్షరం గుర్తు పెట్టుకుంది. ఆ ఫోటో చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

అప్పట్లో మా బడి పర్యవేక్షించిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, నడవలేని స్థితిలో ఉండీ ఆటోలో వచ్చి, హాజరు పట్టీలోని సంతకాలు తనవేనని రాసిచ్చారు. ఎంట్రీ పడింది, కాగితాలు వెళ్లాయి.

తమ్ముడూ, మాస్టారూ, మీ రుణం తీర్చుకోలేనిది. అమ్మా, నీకు చీర తీసి పెట్టాను. వచ్చే సోమవారం మధ్యాహ్నం బడికి వస్తాను, పిల్లలతో పాటు నాకూ ఒక ముద్ద వడ్డించు.